బియ్యమా, పనా, నెలనెలా డబ్బా? రాయగడ వైపు నుంచి ఒక పోలిక

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉంది మా రాయగడ జిల్లా. ఇక్కడ మా ఆడవాళ్ళ సంఘం మీటింగు ప్రతి నెలా రెండో ఆదివారం జరుగుతుంది. అప్పుల లెక్కలు చూసుకోవడం అయ్యాక మాటలు ఎటైనా పోతాయి. ఈ మధ్య ఒక పిల్ల అడిగింది: "అక్కా, ఈ పథకాలన్నీ తీసేసి మనిషికి ఇంత అని నెలనెలా అకౌంట్లో వేసేస్తే పేదరికం పోదా?" పదిహేనేళ్ళుగా ఈ సంఘం పుస్తకాలు రాస్తున్నాను. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను, మీ ఊళ్ళోనూ ఇదే మాట నడుస్తుంటే పనికొస్తుందని.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉన్నవన్నీ తీసేసి డబ్బు ఒక్కటే ఇస్తే పేదరికం పోదు. మా వైపు కొన్ని ఇళ్ళు ఇంకా కిందికి పోతాయి. బియ్యం, ఆసుపత్రి, బడి అలాగే ఉంచి, వాటి పక్కన అందరికీ కొంత డబ్బు నెలనెలా ఇస్తే మాత్రం చాలా మారుతుంది. ఎందుకో చెప్తాను.

అందరికీ కనీస ఆదాయం అంటే ఒడిశాలో ఆడవాళ్ళకు ఇచ్చే సుభద్ర లాంటి పథకం కాదు. ఉన్నవాడా లేనివాడా అని చూడరు. పని చేశావా, పొలం ఉందా, ఎన్నో ఏడు వచ్చింది అని అడగరు. మనిషి ఉంటే చాలు, డబ్బు వస్తుంది. మన దేశంలో పూర్తిగా ఇలాంటిది ఎక్కడా అమల్లో లేదు. కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వేలో, అరవింద్ సుబ్రమణియన్ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్నప్పుడు, దీని మీద ఒక అధ్యాయమే రాశారు. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, జనాభాలో 75 శాతం మందికి ఇస్తే దేశ స్థూల ఉత్పత్తిలో 4.9 శాతం ఖర్చవుతుందని అందులో లెక్క కట్టారు. నెలకు 635 రూపాయలు.

ఒక ఇంటికి ఎంత వస్తుంది

మా వీధిలో మామూలుగా కనిపించే ఇల్లు ఒకటి అనుకోండి. మొగుడు, పెళ్ళాం, ముసలి అత్తగారు, ఇద్దరు పిల్లలు.

రేషన్ కింద మనిషికి 5 కిలోలు, అంటే నెలకు 25 కిలోల బియ్యం. 2023 జనవరి నుంచి ఉచితమే. బజార్లో కిలో 40 అనుకుంటే నెలకు 1,000, ఏడాదికి 12,000. సుభద్ర డబ్బు ఇంటి ఇల్లాలికి ఏడాదికి రెండు విడతల్లో 10,000. అత్తగారికి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ నెలకు 1,000, ఏడాదికి మరో 12,000. ఉపాధి హామీ పని ఒడిశాలో 2025-26 రేటు ప్రకారం రోజుకు 273. పాత చట్టంలో కాగితం మీద 100 రోజులున్నా దేశంలో సగటున ఇంటికి దొరికింది 50 రోజుల దగ్గరే. ఆ లెక్కన 13,650. అన్నీ కలిపితే 47,650.

ఇప్పుడు సర్వే చెప్పిన 7,620 చొప్పున అయిదుగురికీ వేయండి. 38,100. అంటే ఈ ఇంట్లో ఇవన్నీ తీసేసి ఆ డబ్బు ఇస్తే ఏడాదికి 9,550 నష్టం.

కానీ ఆ 7,620 అప్పటి ధరల లెక్క, మిగతావి ఇప్పటి లెక్కలు. కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేద్దాం. 57,150 అవుతుంది. ఇప్పుడు 9,500 లాభం. చూడండి, ఒకే ఇల్లు, ఒకే పథకం. ధరలతో పాటు పెంచితే లాభం, పెంచకపోతే నష్టం. అందుకే ఎవరైనా నెలకు ఇంత ఇస్తామన్నప్పుడు నేను మొదట అడిగేది ఇదే: ధర పెరిగితే ఇదీ పెరుగుతుందా? ఇరాన్‌లో 2010 చివర్లో ఇంధనం మీద, రొట్టె మీద రాయితీలు తగ్గించి, బదులుగా మనిషికి నెలకు 4,55,000 రియాల్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట్లో బీద కుటుంబానికి అది పెద్ద మొత్తమే. తర్వాత ఏళ్ళ తరబడి అంకె అక్కడే ఉండిపోయింది, ధరలు మాత్రం ఆగలేదు. అదే డబ్బు చిల్లరైపోయింది.

ఇంకొక ఇంటి సంగతి కూడా చూడాలి. ఏ జాబితాలోనూ పేరు లేని ఇల్లు. కార్డు లేదు, పెన్షన్ లేదు, సుభద్ర లేదు. ఆ ఇంటికి 38,100 అన్నా లాభమే, అందులో సగం అన్నా లాభమే. అసలు గొడవంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

జాబితాలో పేరు

సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా వాళ్ళు వెనక రాస్తారు. అప్పలనరసమ్మ అన్న పేరు తెలుగు నుంచి ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకొకలా, బ్యాంకు పుస్తకంలో మరొకలా తయారవుతుంది. మూడూ కలవకపోతే డబ్బు పడదు. మనిషి ఎదురుగా నిలబడి "నేనే" అన్నా పడదు.

కోడళ్ళ సంగతి ఇంకా ఘోరం. మనవైపు కొమరాడ నుంచీ, కురుపాం నుంచీ, పార్వతీపురం నుంచీ పిల్లల్ని తెచ్చుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. పెళ్ళయి ఇటు వచ్చినా పేరు ఆంధ్ర కార్డులోనే ఉంటుంది. అక్కడ తీయించి కాగితం తెస్తే తప్ప ఇక్కడ ఎక్కించరు. మా కోడలికి ఇలా పద్నాలుగు నెలలు పట్టింది. అటు ఆఫీసువాళ్ళు ఇటు వెళ్ళమన్నారు, ఇటు ఆఫీసువాళ్ళు అటు వెళ్ళమన్నారు. ఆ పద్నాలుగు నెలల్లో నెలకు 5 కిలోల చొప్పున 70 కిలోల బియ్యం ఆ పిల్లకు రాలేదు. అప్పుడు కడుపుతో ఉంది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు మనసు ఒప్పదు. మాకు ఎలాగో గడిచింది. గడవని ఇంట్లో అయితే ఏమయ్యేది?

కొరాపుట్ జిల్లా కొటియా వైపు దీనికి తలకిందులు. అక్కడ 21 ఊళ్ళు ఏ రాష్ట్రానివో ఆంధ్ర, ఒడిశా ఇంతవరకూ తేల్చుకోలేదు. 1968 నుంచీ సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగాదా అది. రెండు ప్రభుత్వాల కార్డులూ ఉన్న ఇళ్ళు అక్కడ ఉన్నాయి. వాళ్ళను నేను తప్పు పట్టను. గీత ఇటు జరిగితే నాలుగు రూపాయలు, అటు జరిగితే ఒక రూపాయి అన్నప్పుడు కొండ మీద బతికేవాడు రెండు వైపులా చెయ్యి చాపుతాడు. ఆంధ్రలో ముసలివాళ్ళ పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. మా దగ్గర 1,000, పదిహేనో తారీఖున పంచాయతీకి వెళ్ళి తెచ్చుకోవాలి. 80 దాటినవారికి మాత్రం ఇప్పుడు 3,500 చేశారు. మా అత్తగారూ, పార్వతీపురంలో ఉన్న మా పిన్నీ ఒకే ఈడువాళ్ళు. ఇద్దరూ తాగేది నాగావళి నీళ్ళే.

అందరికీ ఇచ్చే డబ్బులో నాకు నచ్చేది అంకె కాదు. ఎవరు పేద, ఎవరు కాదు అని తేల్చే పని ఎవరి చేతిలోనూ లేకపోవడం. "షావుకారుకి కూడా ఇస్తారా?" అని మా సంఘంలో చాలామంది చిరాకుపడ్డారు. ఇవ్వనివ్వండి. ఆయన దగ్గర నుంచి పన్ను రూపంలో తిరిగి తీసుకోవచ్చు. ఆయనకు అందకుండా చేయాలని గీసిన గీత వల్ల నా కోడలికి అందకుండా పోతే, దాన్ని తిరిగి ఇచ్చేవాళ్ళు లేరు.

అయినా "అందరికీ" అని రాసినంత మాత్రాన అందరికీ అందదు. వేలిముద్ర పడాలి. సిగ్నల్ ఉండాలి. కొండ మీది కంధ గిరిజనుల ఊళ్ళవాళ్ళు బ్యాంకుకు దిగి వచ్చారంటే ఆ రోజు కూలి పోయినట్టే. జాబితా పోతుంది కానీ దారి అలాగే ఉంటుంది. డబ్బు పంచాయతీ దగ్గర చేతికిచ్చే పద్ధతి పెన్షన్లకు ఒడిశాలో నడుస్తూనే ఉంది. ముద్రలు అరిగిపోయిన వేళ్ళకు అదే మంచిది.

బియ్యం తీసేసి డబ్బు ఇస్తామంటే

వద్దనండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను.

జార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్డీ బ్లాకులో 2017 అక్టోబరులో ఇది చేసి చూశారు. బియ్యం సబ్సిడీ డబ్బు బ్యాంకులో వేస్తాం, తీసుకొచ్చి రేషన్ షాపులో పూర్తి ధరకు కొనుక్కోండి అన్నారు. రూపాయికి కిలో కొనుక్కునేవాళ్ళు 32 రూపాయల పైన పెట్టాల్సి వచ్చింది. డబ్బు ఏ అకౌంట్లో పడిందో తెలియక, బ్యాంకుకూ షాపుకూ మధ్య తిరగలేక జనం విసిగిపోయారు. రాంచీ దాకా ఊరేగింపుగా వెళ్ళారు. 2018లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

అంత దూరం ఎందుకు? 2001 మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. కాశీపూర్ వైపు గిరిజనులు వానాకాలంలో ఇంట్లో గింజ లేక పాత మామిడి టెంక అంబలి తాగి చనిపోయారు. ఆ ఏడాది దేశంలో గోదాములు నిండి ఉన్నాయి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, చోళ్ళు, అంటే రాగులు, చేతికొచ్చే లోపు, మా కొండల్లో ప్రతి ఏడూ ఆకలి నెలలే. అప్పుడు దారులు తెగుతాయి, సంతలో ధర పెరుగుతుంది. 635 రూపాయలు చేతిలో ఉన్నా కొనడానికి బియ్యం ఊరికి రావాలి కదా. బజార్లో ధర పెరిగినా రేషన్ బియ్యం 5 కిలోలు 5 కిలోలే. డబ్బుకు ఆ గుణం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. బియ్యం ఆడవాళ్ళ చేతిలోకి వచ్చి కుండలోకి పోతుంది. డబ్బు ఎవరి ఫోనుకు మెసేజ్ వచ్చిందో వాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే డబ్బు ఇచ్చినా మనిషి మనిషికీ విడిగా ఇవ్వాలి, పిల్లల వాటా తల్లి పేరున వేయాలి.

పని సంగతి

ఉపాధి పని గురించి ఎక్కువ చెప్పను. గట్లు, చెరువులు వచ్చాయి, ఆడా మగా ఒకే కూలి అన్నది మా ఊళ్ళలో మొదట అక్కడే చూశాం. రైతులు ఇచ్చే కూలి కూడా దాన్ని చూసే పెరిగింది. 2025 డిసెంబరులో పాత చట్టం స్థానంలో 125 రోజులంటూ కొత్త చట్టం చేశారు. కానీ చేయగలిగిన వాడికే అది. మా అత్తగారు మట్టి తట్ట ఎత్తలేదు. బాలింత ఎత్తకూడదు. పనిని, డబ్బును ఒకదానికొకటి పోటీ పెట్టడమే తప్పు.

డబ్బు ఊరికే వస్తే ఎవరూ పనికి పోరు, మగవాళ్ళు తాగేస్తారు అన్న భయం మా మీటింగులోనూ వచ్చింది. భయపడ్డవాళ్ళను తీసిపారేయను, తాగుడుతో కాపురాలు పోవడం చూసినవాళ్ళే వాళ్ళు. అయితే మధ్యప్రదేశ్‌లో సేవా (SEWA) అనే కష్టజీవి ఆడవాళ్ళ సంఘం 2011 నుంచి యూనిసెఫ్ సాయంతో ఎనిమిది ఊళ్ళలో ఇది చేసి చూసింది. పెద్దవాళ్ళకు నెలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. ఒక గిరిజన గ్రామంలోనూ విడిగా ఏడాది పాటు ఇచ్చారు. తిండి మెరుగైంది, పిల్లలు బడికి వెళ్ళారు, అప్పులు తగ్గాయి, పశువులు పెరిగాయి. పని మానలేదు. పరాయి పొలంలో కూలి తగ్గించుకుని సొంత పొలంలో ఎక్కువ చేశారు. తాగుడు పెరిగిందని తేలలేదు. అంత చిన్న మొత్తానికే అంత జరిగింది.

ఒకేసారా, నెలనెలానా?

ఇది మా సంఘం ఆడవాళ్ళు గంటసేపు వాదించుకున్న విషయం. ఒడిశాలో 2019లో కాలియా పథకం వచ్చినప్పుడు చిన్న రైతులకు విడతకు 5,000 చొప్పున ఇచ్చారు, భూమి లేనివాళ్ళకు మేకలకో, కోళ్ళకో, పుట్టగొడుగులకో 12,500 పెట్టారు. పట్టా లేనివాడిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అది నాకు చాలా నచ్చింది. మా వీధిలో ఒకావిడ ఆ డబ్బుతో మేకలు కొని ఇప్పటికీ మందను నిలబెట్టుకుంది. ఇంకొకావిడ మేకలు జబ్బు చేసి పోయాయి, దగ్గర్లో పశువుల డాక్టరు లేడు. ఇద్దరిదీ కష్టమే, ఒక్కరికే కలిసొచ్చింది.

కెన్యాలో గివ్ డైరెక్ట్లీ అనే సంస్థ చేస్తున్న పెద్ద ప్రయోగం ఈ వాదనకు బాగా పనికొస్తుంది. కొన్ని ఊళ్ళకు నెలనెలా పన్నెండేళ్ళు ఇస్తామన్నారు, కొన్నింటికి రెండేళ్ళే, కొన్నింటికి మొత్తం ఒకేసారి. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ తదితరులు 2023లో ఫలితాలు చెప్పారు. ఒకేసారి వచ్చినవాళ్ళు, పన్నెండేళ్ళ మాట ఉన్నవాళ్ళు చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకున్నారు. రెండేళ్ళ నెలసరి డబ్బు వచ్చినవాళ్ళు అంతగా ముందుకు పోలేదు. పన్నెండేళ్ళ వాళ్ళు చేసిందేమిటంటే, చీటీలు కట్టుకున్నారు. నెల డబ్బును చీటీలో వేసి, తమ వంతు వచ్చినప్పుడు పెద్ద మొత్తం తీసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. మా సంఘం చేసేది అదే కదా. చాలా ఏళ్ళు వస్తుందన్న నమ్మకం ఉంటే మన ఆడవాళ్ళకు ఆ డబ్బుతో ఏం చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఎన్నికల దాకానే అన్న అనుమానం ఉంటే తిండికే ఖర్చవుతుంది.

అందుకే నెలకు ఎంత అన్న దానికన్నా ఎన్నాళ్ళు అన్నది ముందు అడగండి. సుభద్ర అయిదేళ్ళ మాట. 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకే. అరవై దాటిన రోజు నుంచి ఏమిటి?

డబ్బుతో రానివి

ఇక్కడ డబ్బును నమ్మినవాళ్ళతో నాకు పేచీ. నీతి ఆయోగ్ పేదరికాన్ని పన్నెండు అంశాలతో కొలుస్తుంది. పోషణ, పిల్లల చావులు, బడి, మరుగుదొడ్డి, వంట గ్యాసు, తాగునీరు, కరెంటు ఇలా. ఒడిశాలో ఆ లెక్కన పేదలు 2015-16లో 29.34 శాతం, 2019-21కి 15.68 శాతం. అందరికీ కనీస ఆదాయం అన్నదే లేకుండా అంత తగ్గింది. నెలకు 635తో ఒక ఇల్లు కరెంటు లైను వేయించుకోలేదు, డాక్టరును ఊరికి రప్పించలేదు. రాత్రి నొప్పులొస్తే పెద్ద ఆసుపత్రి కోసం విశాఖ దాకా బండి కట్టించుకుని పోయే ఇంటికి ఒక్క రాత్రిలో ఏడాది డబ్బు అయిపోతుంది.

ఆ 4.9 శాతం ఎక్కడి నుంచి తెస్తారన్నది పెద్ద ప్రశ్న. బడి, ఆసుపత్రి ఖర్చు కోసి తెస్తే అది మన జేబులో పెట్టి మన జేబులోంచే తీయడం. అలాస్కాలో 1982 నుంచీ చమురు ఆదాయంతో పెట్టిన నిధి నుంచి ఏడాదికోసారి అందరికీ వాటా ఇస్తారు. మా కొండల్లో బాక్సైట్ ఉంది కాబట్టి అలా చేయవచ్చు అంటాడు మా తమ్ముడు. కానీ 2013లో నియమగిరి చుట్టూ పన్నెండు గ్రామసభలు కొండను తవ్వనివ్వం అని ఒక్క మాటగా చెప్పాయి. ఆ కొండను వాటాలుగా పంచుకోవడానికి నేను ఒప్పుకోలేను. ఇప్పటికే తవ్వుతున్న చోట్ల వచ్చే డబ్బులో ఊరివాళ్ళకు నేరుగా వాటా ఇవ్వమంటే మాత్రం అది న్యాయమే.

మీ ఇంటికి ఏది

ముసలివాళ్ళే ఉన్న ఇల్లు, ఒంటరి ఆడమనిషి ఇల్లు, వికలాంగులున్న ఇల్లు అయితే నెలనెలా డబ్బుకే ఓటు వేయండి. పని హామీ వాళ్ళకు అక్కరకు రాదు. బియ్యం మాత్రం వదలకండి. కాయకష్టం చేయగల ఇద్దరున్నా భూమి లేని ఇంటికి పని, దానితో పాటు ఒకేసారి వచ్చే పెట్టుబడి మేలు. కానీ షావుకారు దగ్గర పత్తి పంట ముందే అమ్ముకున్న ఇల్లు అయితే ఒకేసారి వచ్చిన డబ్బు నేరుగా ఆయన దగ్గరికే పోతుంది, నెలనెలా వచ్చేదే ఆ ముడి మెల్లగా విప్పుతుంది. అన్ని పథకాలూ సరిగా అందుతున్న ఇల్లు అయితే మార్పిడికి తొందరపడకండి, నేను వేసిన లెక్క మీ అంకెలతో మీరూ వేసుకోండి. ఏ జాబితాలోనూ లేని ఇల్లు అయితే "అందరికీ" అన్న మాట ఎక్కడ వినిపించినా గట్టిగా పట్టుకోండి.

రాష్ట్రమో కేంద్రమో ఒక్కసారిగా అందరికీ ఇవ్వలేకపోతే వరుస ఒకటి ఉంది. ముందు ప్రతి బిడ్డకూ, ప్రతి ముసలివారికీ ఏ షరతూ లేకుండా ఇవ్వాలి. పిల్ల పుట్టినా, మనిషి అరవై దాటినా పేద, ధనిక అని వెతకక్కర్లేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే అంకె ఉండాలి. దాని మీద ఆడవాళ్ళకు, ఆ తర్వాత మిగతావారికి.

ఆ పిల్లకు ఈ నెల మీటింగులో ఇదంతా చెప్పాను. వినేసి, "సరే అక్కా, ముందు నా పేరు ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఒకటి చేయించు" అంది. వచ్చే పల్లీసభకు, అంటే ఊరి సభకు, మేం పదకొండు మందిమి మూడు కాగితాల జిరాక్సులూ పట్టుకుని వెళ్తున్నాం. ఎవరి పేరు ఎక్కడ తేడా పడిందో ఎర్ర సిరాతో గీసి పెట్టుకున్నాం. మీ సంఘంలోనూ ఒక పూట కూర్చుని ఆ పని చేయండి, రేపు ఏ పథకం వచ్చినా ముందు అడిగేది ఆ మూడు కాగితాలే.